జోలపట్టీ

చంద్రుడి మీద ఉయ్యాల నెమ్మదిగా ఊగుతుంది. భూమి మీద మూడు సెకన్లలో అటు పోయి ఇటు వచ్చే చీర ఉయ్యాల వెన్నెలపాడులో ఏడు సెకన్లు తీసుకుంటుంది. ఎంత గట్టిగా తోసినా అంతే. ఇంకాస్త ఎత్తుకు పోతుంది గానీ త్వరగా తిరిగి రాదు. దాన్ని కిందికి లాగే బరువు అక్కడ ఆరో వంతే ఉంది మరి.

ఈ సంగతి లెక్కల పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. దానివల్ల ఒకరికి ప్రాణం మీదికి వస్తుందని మాత్రం 2094 దాకా ఎవరూ అనుకోలేదు. ఆ ఏడాది ధరణి పుట్టింది.

వెన్నెలపాడు చంద్రుడి నేల కింద కట్టిన స్థావరం. మూడు వందల నలభై మంది అక్కడ మంచు తవ్వి నీళ్లు తీసే పని చేస్తారు. వాళ్ల మధ్య పుట్టిన మొదటి బిడ్డ ధరణి. తల్లి ఆమని నీటి విభాగంలో ఇంజనీరు. తండ్రి కిరీటి దూరపు గనిలో ఆర్నెల్ల డ్యూటీ మీద ఉన్నాడు. రోజుకోసారి తెర మీద కనిపించి పాపను చూసుకుని వెళ్తాడు.

పాపకు పదకొండు వారాలు నిండాయి. నిద్ర మాత్రం లేదు. ఇరవై నిమిషాలు కన్నంటితే గొప్ప. ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ గాల్లోకి చాచి, ఎక్కడినుంచో జారిపోతున్నట్టు ఏడుస్తుంది. ఆ అలసటలో పాలు సరిగ్గా తాగదు. మోటారు ఉయ్యాల కట్టి చూశారు. త్వరగా ఊపితే పాప గుడ్డలోంచి పైకి తేలింది. మెల్లగా ఊపితే ఊగుతున్నట్టే ఆమెకు తెలియలేదు.

"నాలుగు కిలోల మూడు వందలు," అన్నాడు డాక్టర్ మస్తాన్, పాపను తూకపు బుట్టలోంచి తీస్తూ. అక్కడ బరువులన్నీ భూమి లెక్కలోనే చెబుతారు. మస్తాన్ నెల్లూరు మనిషి. ఎంత చెడ్డ కబురైనా గొంతు పెంచకుండా చెబుతాడు. "రెండు వారాల్లో మూడొందల గ్రాములు పోయిందమ్మా. జబ్బేం లేదు. నిద్ర లేదు, అంతే. వచ్చే శుక్రవారం ఓడ భూమికి పోతా ఉంది. స్థావరం బోర్డు వాళ్లు మీ ఇద్దరికీ రెండు సీట్లు పెట్టి ఉంచారు."

ఆమని పాపను తీసుకుని గుండెకు ఆనించుకుంది. "భూమి బరువు దీని ఎముకలు మోస్తాయా డాక్టర్‌గారూ? పుట్టాక ఒక్కరోజు కూడా మోయలేదు."

"తెలీదు. ఇక్కడ పుట్టిన బిడ్డ అక్కడికి పోయింది ఇంతవరకూ లేదు కదా. మోస్తాయని నేను చెప్పలేను. మోయవనీ చెప్పలేను."

"మరి ఇక్కడే ఉంటే?"

"ఇట్టాగే ఉంటే కరిగిపోద్ది. ఎనిమిది రోజుల్లో రెండు వందల గ్రాములు పెరిగిందంటే సీట్లు రద్దు చేయిస్తా. నా చేతిలో ఉన్నది అదొక్కటే."

గది మూలన కూర్చున్న సుభాషిణి అప్పుడు నోరు విప్పింది. అడిగితే తప్ప మాట్లాడని మనిషి కావడంతో ముగ్గురూ తల తిప్పి చూశారు. మూడో మనిషి శిశుగదిలో ఆయాగా పనిచేసే నూకరత్నం.

"జోలపట్టీ పెట్టి చూద్దామా డాక్టర్‌గారూ?" అంది సుభాషిణి.

ఆమె ఆ స్థావరంలో తలతిరుగుడు శాస్త్రవేత్త. కొత్తగా దిగినవాళ్లకు మొదట్లో కళ్లు తిరుగుతాయి, అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. కాలు కాస్త గట్టిగా మోపితే తల పైకప్పుకు తగులుతుంది. అందుకని అందరికీ ఆరు వారాల నిలకడ శిక్షణ ఉంటుంది. మెడ, భుజాలు, నడుము బిగబట్టి ఉంచడం అందులో నేర్పుతారు, చివర పరీక్ష పెట్టి మార్కులు వేస్తారు. శిక్షణ పూర్తయ్యాక అందరూ నెత్తిన నిండు బిందె ఉన్నవాళ్లలా నడుస్తారు. నిలబడితే గుంజ పాతినట్టే.

శిక్షణ అయ్యాక కూడా తలతిరుగుడు తగ్గని గనివాళ్ల కోసం సుభాషిణి ఈ పట్టీని తయారు చేసింది. మనం కదులుతున్నామని మనకు చెప్పేది కళ్లొక్కటే కాదు. చెవి లోపలి నుంచి మెదడుకు వెళ్లే తూకపు నాడి ఒకటి ఉంది. వైద్యులు దాన్ని వెస్టిబ్యులర్ నాడి అంటారు. చెవి వెనుక చర్మం మీద నుంచి ఆ నాడికి అతి కొద్ది కరెంటు అందిస్తే, కుర్చీలో కదలకుండా కూర్చున్నవాడికి కూడా పడవలో ఉన్నట్టు ఉంటుంది. ఎడమ చెవి దగ్గర పెంచుతూ కుడి చెవి దగ్గర తగ్గిస్తే, ఆ తర్వాత అటుది ఇటు మారిస్తే, ఊగుతున్నట్టు ఉంటుంది. మెదడులో ఎప్పుడూ విద్యుత్తు అలలు లేస్తూ పడుతూ ఉంటాయి. నిద్రలో అవి నిదానిస్తాయి. ఊపు ఆ నిదానపు అలల లయను అందుకుంటే నిద్ర చిక్కబడుతుంది. సుభాషిణి తన కాగితాల్లో దీనికి చలనాభాస అని పేరు రాసుకుంది. గనివాళ్లు అది పెట్టుకుని హాయిగా నిద్రపోయి, జోలపట్టీ అన్నారు. ఆ పేరే నిలిచింది.

"పాపకి కరెంటెట్టడమేటి తల్లీ!" అంది నూకరత్నం. ఆమెది అనకాపల్లి వైపు. "పెద్దోలం, మనకే కరెంటంటే దడ."

"చీమ కుట్టినంత కూడా ఉండదు రత్నమ్మా. గనివాళ్ల మీద వంద గంటలు చూశాం. వాళ్లకిచ్చే కరెంటులో పదో వంతే పాపకు ఇస్తాను."

మస్తాన్ పాప చేతివేళ్లు ఒకసారి నిమిరాడు. తర్వాత ఆమని వైపు చూశాడు. ఆమని తల ఊపింది.

పట్టీలు రెండు. చిన్నది పాపకు, చెవుల వెనుక రెండు బిళ్లలతో. పెద్దది తల్లికి. పాప తొమ్మిది నెలలు విన్నది అమ్మ ఊపిరే కాబట్టి, ఊపు లయను ఆమె ఊపిరి నుంచే తీసుకోవాలని సుభాషిణి ఆలోచన. ఊపిరి కొలవడానికని గనివాళ్లు వాడిన పట్టీనే ఆమె ఆమనికి పెట్టింది. పాప నెత్తికి ఒక ఊలు టోపీ. మెదడు అలలను చదివే ఆ టోపీకి చర్మం తగలనక్కర్లేదు. ఈ మూడింటినీ నడిపే యంత్రం అరచేయంత పెట్టె. దాని పేరు జోల. అడిగితే మాట్లాడుతుంది.

మొదటి రోజు మధ్యాహ్నం పాలు పట్టాక ఆమని పాపను భుజాన వేసుకుని గది మధ్యలో నిలబడింది. సుభాషిణి పక్కగదిలో తెర ముందు కూర్చుంది. తెర మీద పాప మెదడు అలలు చిందరవందరగా, గాలికి రేగిన జుట్టులా ఉన్నాయి. ఐదు నిమిషాలు. తొమ్మిది నిమిషాలు. పద్నాలుగో నిమిషంలో ఒక పెద్ద అల నిదానంగా లేచి పడింది. దాని వెనుకే ఇంకొకటి. ఆ తర్వాత వరసగా వస్తూనే ఉన్నాయి.

పాప మూడు గంటల పది నిమిషాలు నిద్రపోయింది.

శిశుగదికి నడవ వైపు అద్దం గోడ ఉంది. షిఫ్టు మారినప్పుడల్లా జనం అక్కడ ఆగి పాపను చూసి పోతారు. ఆ రోజు అద్దం అవతల పాతికమంది గుమిగూడారు. చప్పుడు కాకూడదని ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చేతులెత్తి వేళ్లు ఆడించారు.

"సూడ్డానికి బాగానే ఉంది గానీ," అంది నూకరత్నం వాళ్లను చూసి, "ఇంతమంది సూపు ఒక్క పిల్ల మీదే."

మర్నాడు నాలుగు గంటలు. ఆ మర్నాడు రెండు విడతలుగా ఏడు గంటలు. ధరణి ఆకలేసి లేవడం, కడుపు నిండా తాగడం మొదలుపెట్టింది. సుభాషిణి ప్రతి పూటా తెర ముందు కూర్చుని, అలలు లేచినప్పుడల్లా కాగితం మీద గీత పెట్టుకుంది. ఆ కాగితం నిండిపోయి ఇంకొకటి తీసింది. నిద్ర వచ్చాక లయ తల్లి ఊపిరితోనూ పాప ఊపిరితోనూ కలిసి సాగుతోంది. ఇంత చక్కగా కుదురుతుందని ఆమె కూడా అనుకోలేదు.

గురువారం ఉదయం మస్తాన్ పాపను తూచాడు. "నాలుగు కిలోల ఐదు వందల నలభై." గొంతు పెంచకూడదన్న అలవాటు ఆ ఒక్కసారికి తప్పింది. "పెరిగింది రా తల్లీ, పెరిగింది!"

ఆమని పాపను చేతుల్లోకి తీసుకుని ముద్దాడింది. నూకరత్నం పాప కాళ్లు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"సీట్లు రద్దు చేయమని సాయంత్రం నాలుగింటికి కబురు పెడతా," అన్నాడు మస్తాన్. "సుభాషిణీ, దాంతోపాటు నీ నివేదిక కూడా పోవాల. ఇక్కడ ఇంకో ముగ్గురు కడుపుతో ఉన్నారు. పుట్టగానే ఆ పిల్లలకూ పట్టీలు పెట్టేద్దాం."

సుభాషిణి గదికి వచ్చి నివేదిక రాయడానికి కూర్చుంది. మొదటి పట్టికలో పాపకు ఇచ్చిన మొత్తం కరెంటు నింపాలి.

"జోలా, పాప పట్టీకి వెళ్లిన కరెంటు చెప్పు."

"సున్నా."

"ఈ రోజుది కాదు. ఎనిమిది రోజులదీ కలిపి."

"ఎనిమిది రోజులదీ కలిపి సున్నా. ప్రతిసారీ పదకొండు సెకన్లు ప్రయత్నించాను. బిళ్లలకు చర్మం తగల్లేదు."

సుభాషిణి కలం పక్కన పెట్టింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఒక పట్టీకి చర్మం తగలకపోతే రెండో పట్టీకి మార్చమని మీరే రాశారు. గనివాళ్ల పరీక్షలప్పుడు. మార్చాను. మారిస్తే చెప్పమని రాయలేదు."

అది నిజమే. అప్పుడు ఒక్కొక్కరికి రెండేసి పట్టీలు ఉండేవి. గనివాళ్ల చెమటకు బిళ్లలు జారిపోతుంటే విసుగెత్తి ఆమే రాసిన నియమం. తీసేయాలని అనుకుని మరిచిపోయింది.

"అంటే కరెంటు అంతా ఆమనికి వెళ్లిందా? పాపకని నేను పెట్టిన కొలతలోనే?"

"ఆ కొలతలోనే. పెద్దల పరిమితిలో పదో వంతు. అందుకే ఆమెకు తెలిసి ఉండదు."

సుభాషిణి అంకెలు ఇంకోసారి చూసుకుంది. పాపకు తన పరికరం ఏమీ చేయలేదు. అయినా పాప నిద్రపోయింది. ఎందుకు నిద్రపోయిందో చెప్పలేకపోతే రేపు ఆ నిద్ర మళ్లీ పోకుండా ఉంటుందన్న నమ్మకం లేదు. నిజం చెబితే బోర్డు సీట్లు అలాగే ఉంచుతుంది. చెప్పకపోతే పుట్టబోయే ముగ్గురు పిల్లలకు పనిచేయని పట్టీలు కట్టి అందరూ ధైర్యంగా కూర్చుంటారు. గడియారం చూసింది. రెండున్నర.

ఆమె లేచి నేరుగా మస్తాన్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాలుగింటికి నేను ఏదో ఒకటి చెప్పాల. పా, చూద్దాం."

శిశుగదిలో ఆమని పాపను భుజాన వేసుకుని ఉంది. పాప నిద్రలో ఉంది. సుభాషిణి దగ్గరికి వెళ్లి పాప చెవి వెనుక బిళ్లను మెల్లగా ఎత్తింది. కింద చర్మం నల్లగా నిగనిగలాడుతోంది. వేలితో తాకితే జిడ్డు.

"రత్నమ్మా, ఏమిటిది?"

నూకరత్నం చీర కొంగు సర్దుకుంది. గోడ వైపు చూసింది. "ఏటుంటాది? కాటుక. నెత్తికి ఆవదం."

"స్పిరిటుతో తుడిచి పెట్టమన్నాను కదా."

"తుడిసినాను తల్లీ. నువ్వు సెప్పినట్టే తుడిసినాను. నువ్వలా పక్కగదిలోకెల్లగానే మళ్లీ ఎట్టీసినాను. ఏటి సెయ్యమంటావు? మూడొందల నలభై మంది ఆ అద్దం కాడ నిలబడి గుడ్లప్పగించి సూత్తన్నారు. ఒక్క సుక్కయినా లేకండా పిల్లని అలాగ్గాలికి వొదిలీమంటావా?"

"ఆముదం ఎక్కడిది నీకు?"

"నాకిచ్చిన కిలోంబావు సామానులో సీసా తెచ్చుకున్నాను. అందరూ ఫోటోలూ పచ్చళ్లూ తెచ్చుకున్నారు. నాను ఇది తెచ్చుకున్నాను. తప్పా?"

ఆముదం జిడ్డులోంచి అంత చిన్న కరెంటు పోదు. ఎనిమిది రోజులుగా ధరణి చెవుల వెనుక అదే అడ్డుగోడగా ఉంది.

మస్తాన్‌కు నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాడు. "సరే రత్నమ్మా, తప్పు తర్వాత తేల్చుకుందాం. మరి బిడ్డ ఎందుకు నిద్రపోతా ఉంది?"

"అదేటి బాబూ అలాగడుగుతారు? ఆలమ్మ ఊపుతోంది కదా."

సుభాషిణి గిరుక్కున తిరిగి ఆమనిని చూసింది. ఎనిమిది రోజుల్లో ఆమె తెరను చూసింది, అలలను చూసింది, అంకెలను చూసింది. పాపను ఎత్తుకున్న మనిషిని ఒక్కసారీ చూడలేదు.

ఆమని ఊగుతోంది. నడుము దగ్గర మొదలై, భుజాల దాకా, కుడికి కొంచెం, ఎడమకు కొంచెం. పాప ఊపిరి పీల్చినప్పుడు ఒక వైపు, వదిలినప్పుడు ఇంకో వైపు. పల్లెల్లో, పట్నాల్లో, బస్టాండుల్లో, ఎక్కడ చూసినా చంటిబిడ్డను ఎత్తుకున్నవాళ్లు నిలబడే తీరు అదే. వెన్నెలపాడులో మాత్రం అలా నిలబడ్డవాళ్లను సుభాషిణి అప్పటిదాకా చూడలేదు.

"నేనా?" అంది ఆమని. "నేను కదలడం లేదే. నిలకడ పరీక్షలో నాకు తొంభై ఆరు మార్కులు."

"గోడ మీద నీ నీడ చూడు."

ఆమని చూసింది. నీడ అటూ ఇటూ పోతోంది. దాని భుజం మీద చిన్న నీడ కూడా. చూస్తూ చూస్తూ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంటే ఇన్నాళ్లూ, పుట్టినప్పటినుంచీ, నేను దీన్ని గుంజలా పట్టుకుని నిలబడ్డానా?"

"మేమే నేర్పాం కదమ్మా అట్ట నిలబడమని," అన్నాడు మస్తాన్. "అందులో నేనే మార్కులేశా."

సుభాషిణికి ఇప్పుడు అంతా అర్థమైంది. ఆరో వంతు బరువులో తూకపు నాడి మందగిస్తుంది. పైగా శిక్షణ ఒంటిని బిగించేసింది. పట్టీలోని కరెంటు ఆమనికి తెలియకుండానే ఆమె ఒంటికి ఊపును గుర్తుచేసింది. మోటారు ఉయ్యాల తన లయలో తాను పోయేది. అమ్మ ఒళ్లు బిడ్డ ఊపిరిని వింటూ ఊగింది.

అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. పట్టీ తీసేస్తే?

"ఇప్పుడే చూద్దాం," అన్నాడు మస్తాన్. గడియారంలో మూడుంపావు.

రెండు పట్టీలూ తీసి బల్ల మీద పెట్టారు. టోపీ ఒక్కటే ఉంచారు. ఈ కదలికకు పాప లేచి ఏడుపు అందుకుంది. ఆమని నిలబడింది. అందరూ తననే చూస్తున్నారు. ఊగాలని ఆమెకు తెలుసు, తెలిసిన కొద్దీ భుజాలు బిగుసుకుపోతున్నాయి. కావాలని కుడికి ఒరిగితే ఒళ్లు అక్కడే ఆగిపోయింది. పాప రెండు చేతులూ గాల్లోకి చాచింది, పాతరోజుల్లోలా. ఏడుపు హెచ్చింది. మూడున్నర అయింది.

"నావల్ల కావడం లేదు," అంది ఆమని. "ఆ పట్టీ పెట్టండి."

సుభాషిణి పట్టీ అందుకోబోయింది. నూకరత్నం ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇదిగో ఆమనీ, రోజూ నీ మొగుడు ఆ తెర మీదకొత్తాడు కదా. ఆడు కనబడగానే పైట సరుదుకుంటా, జడ ముందుకేసుకుంటా, ఆ వొయ్యారాలేటి! నాను సూడ్నేదనుకుంటన్నావా? ఆడికి పోయిన వొయ్యారాలు పిల్లకి పోలేవేటి?"

"రత్నమ్మా!" అంది ఆమని, సిగ్గుతో ఎర్రబడి. మస్తాన్ గబుక్కున అద్దం లేని గోడ వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. అది చూసి ఆమనికి నవ్వు ఆగలేదు. కళ్లనీళ్లతోనే నవ్వింది, పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు మెడ వదులైంది, భుజాలు దిగాయి, నడుము కదిలింది. నవ్వు ఆగాక కూడా ఆ కదలిక ఆగలేదు. కుడికి కొంచెం. ఎడమకు కొంచెం.

ధరణి చేతులు మెల్లగా కిందికి వచ్చి అమ్మ మెడ చుట్టూ పడ్డాయి.

పన్నెండో నిమిషంలో తెర మీద ఒక పెద్ద అల నిదానంగా లేచి పడింది. దాని వెనుకే ఇంకొకటి.

మస్తాన్ గది బయటికి వెళ్లి, ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చాడు. "కబురు పోయింది. రెండు సీట్లూ రద్దు," అన్నాడు గుసగుసగా. "నిలకడ శిక్షణ గురించి కూడా రాశాలే. బిడ్డను ఎత్తుకునేవాళ్లకు మార్కులు వద్దని."

సుభాషిణి నివేదికలో మొదటి పట్టిక కొట్టేసింది. కింద ఇలా రాసింది: జోలపట్టీ పసిబిడ్డలకు అవసరం లేదు. బిడ్డను ఎత్తుకునేవాళ్లకు పెట్టాలి, మొదటి వారం మాత్రమే. కాసేపు ఆలోచించి ఇంకో వాక్యం చేర్చింది: ఈ విషయాన్ని కనిపెట్టినది ఆయా నూకరత్నం.

తనకు ఇంకా నమ్మకం కుదరనట్టు, పెట్టెను దగ్గరికి తీసుకుని మెల్లగా అడిగింది. "జోలా, ఇప్పుడు కరెంటు ఎవరికి వెళ్తోంది?"

"ఎవరికీ లేదు. రెండు పట్టీలూ బల్ల మీదే ఉన్నాయి."

ఆమె తల ఎత్తింది. షిఫ్టు మారినట్టుంది, అద్దం అవతల పదిహేను ఇరవై మంది గనివాళ్లు నిలబడి పాపను చూస్తున్నారు. నెత్తిన ఇంకా గని టోపీలు, బూట్లకు బూడిదరంగు దుమ్ము. గుంజల్లా నిలబడే మనుషులు. ఇప్పుడు వాళ్లలో ఒక్కరూ అలా లేరు. ఆమని కుడికి ఒరిగితే కుడికి, ఎడమకు ఒరిగితే ఎడమకు, ఖాళీ చేతులతో అందరూ ఊగుతున్నారు. ఊగుతున్నట్టు వాళ్లకు తెలిసినట్టు లేదు.

ఈ సంగతి మస్తాన్‌కు చూపించాలని సుభాషిణి పక్కకు తిరిగింది. ఆయన ధరణి తూకాల ఫైలును గుండెకు ఆనించుకుని, కళ్లు మూసుకుని ఊగుతున్నాడు.

నివేదిక కాగితాలు సుభాషిణి చేతుల్లో ఉన్నాయి. ఎప్పటినుంచో తెలియదు, ఆమె ఒక చేత్తో వాటిని భుజానికి ఎత్తుకుని, రెండో చేత్తో మెల్లగా జోకొడుతూ ఉంది.